రాకుమారి సినిమాలు, రాకుమారి గౌన్లు: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

విజయవాడ బీసెంట్ రోడ్డులో పిల్లల బట్టలమ్మే చోట రాకుమారి గౌను కావాలంటే ముందు బయటికొచ్చేది లేత నీలం గౌను, 'ఫ్రోజన్' సినిమాలో ఎల్సాది. తర్వాత పసుపుది, బెల్‌ది. ఆ తర్వాత గులాబీ రంగువి ఒక దొంతర. ఆ గులాబీ గౌను ఏ రాకుమారిదని అడిగితే అమ్మేవాళ్ళు కూడా చెప్పలేరు. గుంటూరు పట్నంబజారులోనూ ఇదే వరస. కవచం తొడుక్కున్న మూలాన్, విల్లెక్కుపెట్టిన మెరిడా, తెడ్డు పట్టిన మోవానా కావాలంటే మాత్రం చాలా షాపులు తిరగాలి.

ఇక్కడ మేము చూస్తున్నది రెండు సరుకుల్ని. ఒకటి, పిల్లలు టీవీలో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసే డిస్నీ రాకుమారి సినిమాలు. రెండోది, వాటి పేరు మీద దొరికే గౌన్లు, బొమ్మలు. రెండూ ఒకే చెట్టు కాయలనుకుంటాం. కానీ సినిమాలు 1937 నుంచి అటూ ఇటూ తడబడుతూనైనా ముందుకు నడిచాయి. సరుకు మాత్రం ప్రతిసారీ వెనక్కి లాగుతోంది. కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తున్నాం: సినిమాలు ఏరి చూపించండి. గౌను రెడీమేడ్‌ది కొనకండి, కుట్టించండి.

ఎందుకిలా జరుగుతోందో ఈ సరుకు పుట్టిన తీరు చూస్తే తెలుస్తుంది. సిండ్రెల్లా, అరోరా, ఏరియల్ వేర్వేరు కథల వాళ్ళు, వేర్వేరు కాలాల్లో వచ్చినవాళ్ళు. వాళ్ళందరినీ ఒకే పేరు కింద ఒకే పెట్టె మీదికి చేర్చింది 2000 ప్రాంతంలో. డిస్నీ వస్తువుల విభాగానికి కొత్తగా వచ్చిన ఆండీ మూనీ, మంచు మీద ఆడే ఒక డిస్నీ ప్రదర్శనకు వెళ్ళినప్పుడు, ఆడపిల్లలు ఇంట్లో కుట్టించుకున్న రాకుమారి బట్టల్లో వరసలో నిలబడి కనిపించారు. కొనే జనం ఉన్నారు, అమ్మే సరుకు లేదు. అక్కడ మొదలైంది. అంటే ఈ వరసను కట్టింది గౌను అమ్మడానికే. అందుకే పెట్టె మీద బొమ్మలో ప్రతి రాకుమారీ తన సినిమాలో చేసిన పని పక్కన పెట్టేసి, మెరిసే బట్టల్లో నవ్వుతూ నిలబడి ఉంటుంది.

సినిమాల్లో నోరు ఎవరిది?

పాతవన్నీ చెడ్డవి, కొత్తవన్నీ మంచివి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కార్మెన్ ఫాట్, కారెన్ ఐసెన్‌హావర్ అనే భాషా పరిశోధకులు ఈ సినిమాల్లో ఆడపాత్రలు ఎన్ని మాటలన్నాయి, మగపాత్రలు ఎన్నన్నాయి అని లెక్కగట్టారు. ఆ లెక్కలు 2016లో బయటికొచ్చాయి. 'స్నో వైట్' (1937)లో చెరిసగం. 'సిండ్రెల్లా' (1950)లో ఆడవాళ్ళవి 60 శాతం. 'స్లీపింగ్ బ్యూటీ' (1959)లో 71 శాతం. ముప్ఫై ఏళ్ళ తర్వాత, ధైర్యవంతులైన కొత్త రాకుమారులొచ్చారని అందరూ మెచ్చుకున్న కాలంలో లెక్క తిరగబడింది. 'ది లిటిల్ మెర్మెయిడ్' (1989)లో మగవాళ్ళ మాటలు 68 శాతం, 'బ్యూటీ అండ్ ది బీస్ట్' (1991)లో 71, 'పోకహొంటస్' (1995)లో 76, 'మూలాన్' (1998)లో 77. 'అలాదిన్' (1992)లోనైతే ఏకంగా 90.

కారణం కథానాయికలో లేదు, ఆమె చుట్టూ ఉన్నవాళ్ళలో ఉంది. 'ది లిటిల్ మెర్మెయిడ్'లో పీత మగది, చేప మగది, సముద్రపక్షి మగది. 'బ్యూటీ అండ్ ది బీస్ట్'లో దీపస్తంభం మగ, గడియారం మగ. మిగతా సినిమాల్లో జీనీ, చిలక, కోతి, చిన్న డ్రాగన్, కీచురాయి అన్నీ మగవే. ఒక పాత్ర ఆడదై తీరాలన్న అవసరం కథలో లేకపోతే అది మగదైపోతుంది. టీపాట్ మాత్రం తల్లి కాబట్టి ఆడది. కథానాయిక ఎంత గట్టిదైనా, ఆమెకు సాటి ఆడదానితో ఒక స్నేహం, ఒక మాటపట్టింపు, ఒక నవ్వు లేకుండానే సినిమా అయిపోతుంది. మన పిల్లల కార్టూన్లలోనూ ఇదే జబ్బు. హైదరాబాదులో తయారయ్యే 'ఛోటా భీమ్'లో భీముడి జట్టును ఒకసారి లెక్కపెట్టి చూడండి: రాజు, కాలియా, ధోలు, భోలు, జగ్గు కోతి. వాళ్ళ మధ్య చుట్కీ ఒక్కతి, ఆమె వంతుకు లడ్డూలు.

అలాగని మాటల లెక్క ఒక్కటే చాలదు. 'స్లీపింగ్ బ్యూటీ'లో 71 శాతం ఆడవాళ్ళదే నోరంటే, ఆ మాటలన్నీ ముగ్గురు దేవకన్యలవి, మంత్రగత్తె మెలిఫిసెంట్‌వి. సినిమా గంటంబావు ఉంటే అందులో కథానాయిక అరోరా తెర మీద కనిపించేది 18 నిమిషాలకు అటూ ఇటూ. అందుకే రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి: కథను మలుపు తిప్పిన నిర్ణయం ఎవరిది? మూడోది: ఎవరిని దేనికి పొగిడారు? ఈ పరిశోధకులే పొగడ్తల్ని కూడా లెక్కగట్టారు. మొదటి మూడు సినిమాల్లో ఆడవాళ్ళకు దక్కిన పొగడ్తల్లో సగానికి పైగా అందం గురించే. 2009 తర్వాతి సినిమాలకొచ్చేసరికి పని, నేర్పు గురించిన పొగడ్తలు అందాన్ని దాటేశాయి. ఈ మార్పు నిజమైనది, మెచ్చుకోదగ్గది. అదే సమయంలో 'టాంగిల్డ్' (2010)లో ఆడవాళ్ళ మాటలు 52 శాతం, 'బ్రేవ్' (2012)లో 74 శాతం ఉంటే, అక్కాచెల్లెళ్ళ కథ అయిన 'ఫ్రోజన్' (2013)లో మళ్ళీ 59 శాతం మగవాళ్ళవే. మంచు మనిషి ఓలాఫ్ కూడా మగవాడే కదా.

ఒక్కో సినిమా తీరు

'స్నో వైట్', 'స్లీపింగ్ బ్యూటీ' బొమ్మల పనితనానికి చూడాల్సినవి. చేత్తో గీసిన ఆ అడవి, ఆ వెలుగునీడలు ఇప్పటికీ కంటికి పండగే. కానీ రెండింటిలోనూ నిద్రలో ఉన్న పిల్లకు ముద్దుపెట్టి లేపుతారు. నాలుగైదేళ్ళ పిల్లలకు 'మన ఒంటి మీద చెయ్యి వెయ్యాలంటే మనల్ని అడగాలి' అని నేర్పుతున్న ఇళ్ళలో ఆ సన్నివేశం దగ్గర ఆపి ఒక మాట చెప్పడం తప్పనిసరి. 'ఫ్రోజన్' చివర్లో క్రిస్టాఫ్ అన్నాను అడిగి ముద్దుపెడతాడు. రెండూ ఒకే వారంలో చూపిస్తే తేడా పిల్లలే పట్టేస్తారు.

'ది లిటిల్ మెర్మెయిడ్' గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పాటలు బాగుంటాయి కాబట్టి పిల్లలు ఎక్కువగా అడిగేది అదే. పదహారేళ్ళ మత్స్యకన్య ఏరియల్ మనిషి కాళ్ళ కోసం తన గొంతును సముద్రపు మంత్రగత్తె అర్సులాకు ఇచ్చేస్తుంది. మూడు రోజుల్లో రాజకుమారుడు ముద్దుపెట్టకపోతే ఆమె అర్సులాకు బానిస. గొంతు లేకుండా ఎలా గెలుస్తానని అడిగితే, పైన మగవాళ్ళకు వాగే ఆడది నచ్చదు, అందం ఉంది, ఒళ్ళు కదిపే తీరుంది చాలు అని అర్సులా పాటలో నూరిపోస్తుంది. ఆ మాట అన్నది విలన్ కాబట్టి సినిమా దాన్ని ఖండిస్తోందని వాదించొచ్చు. కానీ కథ దాన్ని అబద్ధమని తేల్చదు. గొంతు లేని రెండో రోజే రాజకుమారుడు ఆమెను ముద్దుపెట్టుకోబోతాడు. 'ఆడపిల్లకు అంత నోరేంటి' అనే మాట మన వసారాల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. అందుకని ఈ సినిమా ఆరేళ్ళలోపు వద్దు. తర్వాత చూపిస్తే అర్సులా పాట దగ్గర ఆపి, 'ఈవిడ చెప్పింది నిజమేనా?' అని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు.

'బ్యూటీ అండ్ ది బీస్ట్' ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం పోటీకి ఎంపికైన మొదటి యానిమేషన్ సినిమా. డిస్నీ యానిమేషన్ సినిమాకు ఒక స్త్రీ స్క్రీన్‌ప్లే రాయడమూ అదే మొదలు, రాసింది లిండా వూల్వర్టన్. బెల్ చదువుకునే పిల్ల, గాస్టన్ లాంటి కండల మగాణ్ణి మొహం మీదే కాదంటుంది. ఇంతవరకు బాగుంది. చిక్కెక్కడంటే, మృగం ఆమెను బంధిస్తాడు, అరుస్తాడు, వస్తువులు విరగ్గొడతాడు, చివరికి ఆమె ఓపికతో మంచివాడైపోతాడు. 'పెళ్ళయితే వాడే దారిలోకొస్తాడు' అని పెద్దవాళ్ళు చెప్పే మాటకు ఇది పాటలతో సహా రుజువులా కనిపిస్తుంది. సినిమా పక్షాన చెప్పాల్సిందీ ఒకటుంది: ఆమెకు ప్రేమ కలిగేది అతను కోపం అణుచుకున్నాకే, ఆమె తిరిగొచ్చేది అతను వదిలిపెట్టాకే. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలతో ఈ వరస విడమర్చి మాట్లాడొచ్చు. 'ముందు వాడు మారాడు, తర్వాతే ఆమె ఇష్టపడింది' అని క్రమం స్పష్టంగా చెప్పండి.

'బ్రేవ్' మన ఇళ్ళకు అన్నిటికన్నా దగ్గరగా ఉంటుందని మా అభిప్రాయం. పెళ్ళికొడుకుల ఎంపికకు విలువిద్య పోటీ పెడతారు. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన స్వయంవరమే అది. తేడా ఏమిటంటే తన స్వయంవరంలో మెరిడా తానే విల్లు పట్టుకుని దిగుతుంది. బిగుతైన గౌను చేతులు ఎత్తనివ్వకపోతే కుట్లు పిగిలేలా ఒళ్ళు విరుచుకుని మరీ బాణం వేస్తుంది. ప్రేమికుడు లేడు, పెళ్ళి లేదు. గొడవంతా తల్లీకూతుళ్ళ మధ్య, ఇద్దరూ మారతారు. ఆడవాళ్ళ మాట 74 శాతం ఉండటానికి కారణం అదే. దీన్ని మొదలుపెట్టిన బ్రెండా చాప్‌మన్ డిస్నీ వాళ్ళ యానిమేషన్ సంస్థ పిక్సార్‌లో మొదటి మహిళా దర్శకురాలు. మధ్యలో ఆమెను తప్పించి మార్క్ ఆండ్రూస్‌కు అప్పగించినా, ఆస్కార్ ఇద్దరికీ వచ్చింది. లోపం లేకపోలేదు: స్కాట్లండ్ మగవాళ్ళంతా తిండి, తన్నులాట తప్ప మరేమీ తెలియని మొద్దుల్లా ఉంటారు. ఆడవాళ్ళను తెలివైనవాళ్ళుగా చూపించడానికి మగవాళ్ళను వెర్రివాళ్ళను చెయ్యనక్కర్లేదు, పక్కన కూర్చుని చూసే అబ్బాయిలు దాన్ని గమనిస్తారు.

మగవేషంలో యుద్ధానికెళ్ళిన పిల్ల కథ 'మూలాన్' చూపించేటప్పుడు మన రుద్రమదేవి కథ కూడా పక్కనే చెప్పండి. గణపతిదేవుడు ఆమెకు మగపేరు పెట్టి, రుద్రదేవ మహారాజుగా సింహాసనం ఎక్కించాడు. మందడం, వెలగపూడి గ్రామాలను గోళకీ అనే శైవ మఠానికి ఇచ్చినట్టు చెప్పే, ఆమె కాలం నాటి (1261) మల్కాపురం శాసనం మన గుంటూరు జిల్లాదే. బడితో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా ఆ ధర్మంలో ఉన్నాయి. మగవేషం వేసుకుంటేనే అధికారం దక్కడం అక్కడా ఇక్కడా ఒకటే. అయితే రుద్రమకు రాజ్యం ఉంది. మూలాన్‌కు చక్రవర్తి కొలువులో పదవి ఇస్తానంటే కాదని ఇంటికెళ్ళిపోతుంది. ఎందుకు వెళ్ళిందన్న ప్రశ్న పిల్లలతో అరగంట మాట్లాడించగలదు.

'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్' (2009)లో టియానా డిస్నీ వరసలో మొదటి నల్లజాతి రాకుమారి. హోటల్ పెట్టాలని రాత్రింబవళ్ళు పనిచేసే పిల్ల. అంత మంచి పాత్రను సినిమాలో ఎక్కువ భాగం కప్పగా ఉంచేశారు, అది బాధ కలిగించే విషయం. 'మోవానా' (2016) ఏ వయసుకైనా నిశ్చింతగా పెట్టొచ్చు: తండ్రి తర్వాత దీవికి పెద్ద కాబోయే పిల్ల, దారి తానే వెతుక్కుంటుంది, పెళ్ళి ప్రస్తావనే లేదు.

యాస, రంగు, దేశం

'అలాదిన్'లో అలాదిన్, జాస్మిన్ అచ్చం అమెరికా పిల్లల్లా మాట్లాడతారు. బజారు వర్తకులకు, కాపలాదారులకు మాత్రం అరబ్బు యాస. వినేవాళ్ళకు ఎవరు మనవాళ్ళో, ఎవరు పరాయివాళ్ళో మొహం చూడకముందే తెలిసిపోతుంది. మొదటి పాటలో మొహం నచ్చకపోతే చెవి కోస్తారన్న అర్థం వచ్చే పంక్తిని అరబ్ అమెరికన్ల నిరసన తర్వాత 1993 వీడియోలో మార్చారు. తాజ్‌మహల్ లాంటి కోట, రాజా అని పేరున్న పులి, అరబ్బు ఎడారి: తూర్పున ఉన్నదంతా ఒకే గంపలో పోశారు. 'పోకహొంటస్' అంతకన్నా ఇబ్బందికరం. పోకహొంటస్ నిజంగా బతికిన అమెరికా ఆదివాసీ పిల్ల, 1607లో ఇంగ్లీషువాడు జాన్ స్మిత్ వచ్చేనాటికి ఆమెకు పది పన్నెండేళ్ళు. 1613లో ఇంగ్లీషువాళ్ళు ఆమెను ఎత్తుకుపోయారు, 1617లో ఇంగ్లండులో చనిపోయింది. దాన్ని యువతీయువకుల ప్రేమకథగా మార్చారు. ఆ సినిమాను మేము సిఫారసు చెయ్యం.

అయితే యాస విషయంలో విజయవాడ, గుంటూరు వాళ్ళం ప్రత్యేకంగా ఆలోచించాల్సింది ఒకటుంది. తెలుగు సినిమాలో నాయకుడు దశాబ్దాలుగా మాట్లాడింది మన కృష్ణా, గుంటూరు భాషే. తెలంగాణ యాస రౌడీకో హాస్యగాడికో, సీమ యాస కత్తి పట్టినవాడికో, శ్రీకాకుళం యాస పనిమనిషికో దక్కేది. 'అలాదిన్' చూస్తూ కూర్చున్న అమెరికా పిల్లవాడిది ఏ స్థానమో, తెలుగు తెర ముందు మన పిల్లలది అదే స్థానం. ఇది చెప్పకుండా 'వాళ్ళు అరబ్బులను ఎగతాళి చేశారు' అని మాత్రమే నేర్పితే సగమే నేర్పినట్టు. డబ్బింగ్ సినిమాలో ఏ పాత్రకు ఏ యాస పెట్టారో పిల్లలను గమనించమనండి.

రంగు సంగతి ఇంకా దగ్గరిది. స్కూలు వార్షికోత్సవంలో తెల్లగా ఉన్న పాపకే స్నో వైట్ వేషం. చామనఛాయ పిల్ల ఎల్సా వేస్తానంటే మొహానికి, మెడకు, చేతులకు పౌడరు దట్టించి, పసుపు నైలాన్ విగ్గు పెడతారు. ఆ విగ్గు లోపలి జాలీ చెమటకు దురదపెడుతుంది, పౌడరు చారలు కడుతుంది, అద్దంలో ఆ పాపకు అర్థమయ్యేది ఒకటే: తన ఒంటి రంగుతో రాకుమారి అవ్వడం కుదరదని. విగ్గూ వద్దు, తెలుపూ వద్దు. ఎల్సాది జడే. మన పిల్లలకు జడ కొత్త కాదు, ఎడమ భుజం మీంచి ముందుకు వేసి తెల్లటి పూసలు గుచ్చితే వేషం తెలిసిపోతుంది. టీచర్లకు మా మనవి, పాత్రను గొంతు చూసి ఇవ్వండి, చివరి వరసకు ఎవరి మాట వినిపిస్తుందో వాళ్ళకివ్వండి.

ఇంట్లో చూపించే పద్ధతి

డిస్నీ సినిమాలు మన దగ్గర జియోహాట్‌స్టార్‌లో వస్తున్నాయి. అన్నిటికీ తెలుగు ఆడియో ఉండదు, కాబట్టి పెట్టేముందే ఆడియో మెనూ తెరిచి చూడండి. ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లీషు అందని ఐదేళ్ళ పిల్లకు మెరిడా వాదన చేరదు, ఎల్సా భయం చేరదు. చేరేది బొమ్మే: మణికట్టు కన్నా పెద్ద కళ్ళు, పిడికిట్లో పట్టే నడుము, మెరిసే గౌను. సినిమాలో మంచి ఉన్నదంతా మాటల్లో ఉంటే, ఆ మాటలే తెగిపోతాయి. 2019లో 'ఫ్రోజన్ 2' తెలుగులో వచ్చినప్పుడు ఎల్సాకు నిత్యా మేనన్, చిన్నప్పటి ఎల్సాకు మహేశ్‌బాబు కూతురు సితార గొంతిచ్చారు. అలాంటి డబ్బింగ్ ఉంటే అదే మొదట పెట్టండి.

మొదటిసారి ఆపకుండా చూడనివ్వాలి. మధ్యలో పాఠం చెబితే పిల్లలు మళ్ళీ మీతో కూర్చోరు. రెండోసారి ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసి ఇవ్వండి: ఆడపాత్ర మాట్లాడితే ఒక గీత, మగపాత్ర మాట్లాడితే ఒక గీత, ఎవరైనా ఒక నిర్ణయం తీసుకుంటే ఎవరో పేరు. సినిమా మొత్తం అక్కర్లేదు, మొదట్లో పది నిమిషాలు, మధ్యలో పది, చివర్లో పది చాలు. జంతువుల్ని, వస్తువుల్ని కూడా లెక్కించాలి, అక్కడే అసలు తేడా బయటపడుతుంది. పాటలను విడిగా ఉంచండి, లేకపోతే గీతలు కలగాపులగం అవుతాయి. ఏడేళ్ళు దాటిన పిల్లలు దీన్ని ఆటలా చేస్తారు.

అబ్బాయిలను లేపి పంపెయ్యకండి. అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా కోయిన్ బృందం 198 మంది చిన్నపిల్లలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రాకుమారి లోకంలో ఎక్కువగా మునిగిన ఆడపిల్లలు ఏడాది తర్వాత 'ఆడపిల్లల పనులు' అనే గీత దాటడం తగ్గిందని తేలింది. అదే అధ్యయనంలో అబ్బాయిలకు మాత్రం మేలు కనిపించింది: ఒంటి మీద నమ్మకం, తోటివారికి సాయపడే గుణం. అదే బృందం ఐదేళ్ళ తర్వాత మళ్ళీ చూసి 2021లో చెప్పింది ఇంకా ఆసక్తికరం. చిన్నప్పుడు రాకుమారుల్ని ఇష్టపడ్డ పిల్లలు పెద్దయ్యేసరికి ఆడవాళ్ళ గురించి మరింత ఉదారంగా ఆలోచిస్తున్నారని. కాబట్టి నిషేధించమని మేము చెప్పడం లేదు.

సరుకు చేసే నష్టం

మూలాన్ బొమ్మను కొని చూడండి. ఎక్కువగా దొరికేది పెళ్ళిళ్ళ పేరమ్మ దగ్గరికి వెళ్ళేటప్పుడు వేసుకున్న గులాబీ పొడుగు బట్టల్లోనో, ఇంటి దగ్గర కట్టుకునే బట్టల్లోనో ఉన్న మూలాన్. ఆ గులాబీ బట్టల్లోనే ఆమె అందరి ముందూ ఓడిపోయి అవమానపడుతుంది. శత్రుసేనను మంచు కింద పాతిపెట్టింది కవచంలో. టియానా వడ్డించే దుస్తుల్లో దొరకదు, కొన్ని నిమిషాలే కనిపించే పచ్చటి పెళ్ళి గౌనులో దొరుకుతుంది. 2013లో మెరిడాను రాకుమారి వరసలో చేర్చుతూ నడుము సన్నం చేసి, మెడ దగ్గర గౌను కిందికి దించి, మెరుపులద్ది, చేతిలో విల్లు తీసేశారు. చాప్‌మన్ బహిరంగంగా తప్పుపట్టారు, పెద్ద ఎత్తున సంతకాల ఉద్యమం నడిచింది. 'మోవానా'కు పసిఫిక్ దీవుల పెద్దలను సంప్రదించి కథ సరిచేసుకున్న సంస్థే, 2016లో ఆ సినిమాలోని వీరుడు మావి వేషమని గోధుమరంగు చర్మం, పచ్చబొట్లతో పిల్లల దుస్తులు అమ్మకానికి పెట్టింది. ఆ దీవుల వాళ్ళు మండిపడ్డాక వెనక్కి తీసుకుంది.

బొమ్మ కొంటే రెండు చూడండి. చేతిలో ఆమె పనిముట్టు ఉందా, మోచెయ్యి మడుస్తుందా? మడవకపోతే విల్లు ఉన్నా పట్టుకోలేదు, నిలబెట్టి జుట్టు దువ్వడమే ఆట. అలాగే 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఆట బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, పెట్టె మీద గుర్తుతో పాటు లైసెన్సు నంబరు ఉండాలి. ఫుట్‌పాత్ మీద కొనేటప్పుడు ఇది ఎక్కువగా మరిచిపోతాం. కిరీటాలు, చెవిపోగుల లాంటి చిన్న ముక్కలున్న పెట్టె మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో వద్దు. దేశవాళీ బొమ్మలు కొంటే సమస్య తీరుతుందనుకోవద్దు. తెల్లపొణికి చెక్కతో చేసే కొండపల్లి పల్లె బొమ్మల్లోనూ ఆడది నీళ్ళు మోస్తుంది, రోకటితో దంచుతుంది, చల్ల చిలుకుతుంది, మగవాడు తాటిచెట్టెక్కుతాడు, బండి తోలతాడు. కొలువు పెట్టేటప్పుడు ఇదీ పిల్లలతో మాట్లాడదగ్గ విషయమే. చెక్క మెత్తన, రంగు గీరుకుపోతుంది, అవి ఆడుకునేందుకు కాదు, పెట్టుకునేందుకు.

గౌను

రెడీమేడ్ గౌనులో ఏం తప్పుతుందో వరసగా చెబుతాం. పై బట్ట పాలిస్టర్ శాటిన్, పైన నైలాన్ నెట్, లోపల గౌనును బుట్టగా నిలబెట్టే గట్టి నెట్, అదే క్యాన్‌క్యాన్. మే నెల విజయవాడలో ఇది వేస్తే పావుగంటలో వీపంతా తడి. చవకవాటిలో క్యాన్‌క్యాన్ అంచు నేరుగా నడుముకు తగిలేలా కుడతారు, అందుకే పిల్లలు గోక్కుంటారు, ఎర్రటి గీత పడుతుంది. మెరుపు పొడి అతికించిందైతే మెడ, చంకల దగ్గర రాలి గుచ్చుకుంటుంది. చంక దగ్గర బిగుతు, చెయ్యి భుజం దాటి లేవదు. నేలను తాకే పొడవు, స్టేజి మెట్ల మీద కాలికి అడ్డం. అన్నిటికన్నా ముఖ్యం నిప్పు: నైలాన్, పాలిస్టర్ అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుపోతాయి. కేకు కొవ్వొత్తుల మీదికి వంగేటప్పుడు, దీపావళి కాకరపువ్వొత్తుల దగ్గర ఈ గౌను అసలు వద్దు.

కుట్టిస్తే ఇలా చెప్పండి. ఆరేళ్ళ పాపకు 44 అంగుళాల పన్నా బట్ట రెండున్నర మీటర్లు సరిపోతుంది, లైనింగుకు మెత్తటి నూలు బట్ట రెండు మీటర్లు. మెరిడాకు ముదురు పచ్చ మంగళగిరి నూలు చక్కగా కుదురుతుంది, చిన్న జరీ అంచు చేతులకు పెట్టొచ్చు. ఎల్సాకే పట్టుబడితే విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో లేత నీలం కాటన్ శాటిన్ అడగండి, మెరుపు కొంచెం తగ్గినా గాలి ఆడుతుంది. బుట్టగా నిలబడాలంటే క్యాన్‌క్యాన్ రెండు పొరలు చాలు, దాన్ని నడుముకు కాకుండా లైనింగు పైవైపు, నడుముకు మూడంగుళాలు కిందగా కుట్టించి, అంచుకు నూలు పట్టీ వేయించండి. చంక కింద మూడంగుళాల చదరపు ముక్క వేస్తే చెయ్యి పూర్తిగా పైకి లేస్తుంది. టైలరు మరిచిపోతారు, రెండుసార్లు చెప్పాలి. కొలతలిచ్చేటప్పుడు పాపను రెండు చేతులూ పైకెత్తమని అప్పుడు ఛాతీ చుట్టు కొలవమనండి. పొడవు నేలకు మూడంగుళాలు పైకే ఉండాలి, పెరిగే పిల్ల కాబట్టి అంచు నాలుగంగుళాలు లోపలికి మడిచి కుట్టిస్తే వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. జిప్పు వెనక పెడితే లోపల బట్ట పట్టీ వెయ్యాలి, లేకపోతే జడ వెంట్రుకలు ఇరుక్కుంటాయి.

ఇప్పటికే రెడీమేడ్ కొనేసి ఉంటే పారెయ్యనక్కర్లేదు. లోపల నూలు లైనింగు వేయించి, అంచు కత్తిరించి, పక్క కుట్టు విప్పి ఐదంగుళాల లోతు జేబు పెట్టించండి. జేబు బరువు నెట్ మీద పడితే చిరుగుతుంది, లైనింగుకు కలిపి కుట్టమనాలి.